లోపల ఉన్నవాళ్లు మాట్లాడుతూ ఉండాలి

ఆగస్టు 2

బయట నలభై నాలుగు డిగ్రీలు. ఈ ఎడారి ఊరు చాండ్లర్‌లో ఈ నెలలో పిట్టలు కూడా తెల్లవారకముందే అరిచేసి ఊరుకుంటాయి.

ఈరోజు ఎవరితోనూ మాట్లాడే పని పడలేదు. మంచిదే. లైబ్రరీ పుస్తకం సగం అయింది.

ఆగస్టు 4

మీటింగ్‌లో మేనేజర్ "స్మృతి, నీ వైపు నుంచి ఏమైనా ఉందా?" అన్నాడు. చెప్పాను. సగం చెప్పాక చూసుకుంటే మ్యూట్‌లో ఉన్నాను. తీసేలోపు "ఓకే, ఏం లేనట్టుంది" అని ఇంకొకరి దగ్గరికి వెళ్లిపోయాడు. పెద్ద విషయమేం కాదు. తర్వాత రాసి పంపాను. దానికి ఎవరో బొటనవేలి బొమ్మ పెట్టారు.

మొన్నటిదాకా నా రూమ్మేట్ దేదీప్య, ఈ వారం ఫోన్ చేస్తానంది. శాంటా క్లారాలో కొత్త ఉద్యోగం. బిజీగా ఉంటుంది.

ఆగస్టు 6

సాయంత్రం తలుపు కొట్టారు. ఈ గదిలోకి వచ్చాక అదే మొదటిసారి.

దేదీప్య వెళ్లిపోయాక మా అపార్ట్‌మెంట్ నా ఒక్కదానికి ఎక్కువైంది. ఈ ఇంటి వెనక గది నాకు చాలు. ముందు భాగంలో ఎతెరి గారు, వాళ్లన్న నోదార్ గారు ఉంటారు. జార్జియా దేశం వాళ్లు. ఇద్దరికీ డెబ్బై అటూ ఇటూ. ఎతెరి గారు వంటింటి కిటికీలోంచి నన్ను చూసి తల ఊపుతారు. నేనూ ఊపుతాను. మా పరిచయం అంతవరకే.

తలుపు తీస్తే నోదార్ గారు. ఆయన నా మొహం చూడలేదు, భుజాలు చూశారు. చేతిలో తాడు ఉంది. దాన్ని నా ఈ భుజం నుంచి ఆ భుజం దాకా గాల్లోనే పట్టి చూసుకుని "పడతావు" అన్నారు.

వెనకనుంచి ఎతెరి గారు వాళ్ల భాషలో తిట్టారు. భాష తెలియకపోయినా తిట్టే అని తెలిసింది. మా అమ్మ గొంతు కూడా అలాగే లేస్తుంది.

వెనక షెడ్‌లోకి తీసుకెళ్లారు. నేల మీద రెండు గుండ్రటి నోళ్లు. లోపలికి చూస్తే చీకటి. ఒక్కొక్కటీ మనిషి లోతు మట్టి జాడీ, మెడ దాకా నేలలో పూడ్చి ఉంది. క్వెవ్రి అంటారట. వాళ్ల దేశంలో వేల ఏళ్లుగా వైన్ చేసేది ఇందులోనే. ద్రాక్ష తొక్కి, రసం, తొక్క, గింజ అన్నీ ఇందులో పోసేసి, పొంగు తగ్గాక రాతిమూత పెట్టి చుట్టూ మట్టి మెత్తుతారు. చలికాలమంతా భూమే చూసుకుంటుంది. వసంతంలో తెరుస్తారు. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో జొన్న పాతర ఉండేదని చెప్పేది. ఇలాగే ఉండేదేమో.

"భూమే చూసుకోవాలి," అన్నారు ఎతెరి గారు. "ఇక్కడి భూమికే జ్వరం. రెండేళ్లుగా మేం తీసింది వెనిగర్. ఈ ఏడు కూడా పులిస్తే ఈ గుంతలు పూడ్పించి నిమ్మచెట్లు పెడతా."

"ఈ ఏడు చుట్టూ తడి ఇసుక వేశాను," అన్నారు నోదార్ గారు.

"నిరుడు కూడా ఏదో వేశావు."

ద్రాక్ష వచ్చేలోపు జాడీలు కడగాలి. మనిషి లోపలికి దిగి కడగాలి. ఇదివరకు ఆయనే దిగేవారు. ఇప్పుడు పొట్ట అడ్డం వస్తుంది. ఎతెరి గారికి మోకాళ్ల నొప్పులు. అందుకే తాడు పట్టుకుని నా గదికి వచ్చారు.

ఒకటే షరతు అన్నారు. లోపల ఉన్నవాళ్లు మాట్లాడుతూ ఉండాలి. పాట, తిట్టు, ప్రార్థన, ఏదైనా సరే, ఆపకూడదు. అడుగున చెడ్డ గాలి ఉంటే మనిషికి తెలియదు, హాయిగా నిద్ర వచ్చినట్టుంటుంది. గొంతు ఆగిందంటే పైనున్నవాళ్లు దిగాలి. వాళ్ల మేనమామ అలాగే పోయాడట. ఆరోజు పైన ఎవరూ లేరట.

"నాకు మాట్లాడటం రాదు," అన్నాను.

"నీ భాషలో మాట్లాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాదు."

ఎందుకో అది విన్నాక సరేనన్నాను.

ఆగస్టు 9

ఎండ ఎక్కకముందే మొదలుపెట్టాం. ఆయన ముందు కొవ్వొత్తిని తాడుతో అడుగుదాకా దించి చూశారు. ఆరలేదు. తర్వాత చిన్న నిచ్చెన, తర్వాత నేను.

లోపల చల్లగా ఉంది. గోడలకు తేనెమైనం పూసి ఉంటుంది, ఆ వాసన. వెనిగర్ వాసన కూడా. చెర్రీచెట్టు బెరడు ముక్కలు గుత్తిగా కట్టిన కర్ర ఇచ్చారు, దాంతో రుద్దాలి. సబ్బు వాడరు.

"మాట్లాడు," అన్నారు పైనుంచి.

ఏమీ రాలేదు. కాన్వెంట్‌లో వరసలో నడిచేటప్పుడు పెదవి మీద వేలు పెట్టుకోవాలి. పని చేసేటప్పుడు మాట్లాడితే సిస్టర్ ఫ్లోరా ఏమీ అనేది కాదు, పక్కకొచ్చి నిలబడేది, అంతే. పదేళ్లు అలా నడిచాను. చేతిలో పని ఉంటే నోరు దానంతటదే మూసుకుంటుంది.

"మాట్లాడు, లేదా పైకి రా."

రెండో ఎక్కం మొదలుపెట్టాను. ఇంగ్లీషులో, స్కూల్లో పాడినట్టు. పన్నెండో ఎక్కం దాకా వచ్చాక తాతయ్య నేర్పిన నక్షత్రాల పేర్లు. అశ్విని నుంచి రేవతి దాకా. ఒక్కో పేరుకీ పైనుంచి "హో" అన్నారు ఆయన. వాళ్ల భాషలో హో అంటే అవును అట. అశ్విని. హో. భరణి. హో. చిన్నప్పుడు తాతయ్య కథ చెప్తుంటే నేను ఊ కొట్టేదాన్ని. నేను ఆపితే ఆయనా ఆపేవాడు. నాకు ఎవరైనా ఊ కొట్టి ఎంతకాలమైందో.

నక్షత్రాలు అయిపోయాక లైబ్రరీ పుస్తకంలో కథ చెప్పాను. తర్వాత ఒంగోల్లో మా మేడ మీద కోతులు అమ్మ వడియాలు ఎత్తుకుపోయిన సంగతి. దేదీప్య గది ఖాళీ చేసిన రోజు కూడా చెప్పాను. వెళ్తూ తన పోపులడబ్బా నాకు ఇచ్చేసిందని, నేను థాంక్స్ అన్నానని, ఇంకేదో అనాల్సిందని. జాడీలో నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. హో, అన్నారు ఆయన. అర్థం కాకుండానే సరైన చోట అన్నారు.

ఆఖరున కడిగిన నీళ్లు గిన్నెతో తోడి పైకి ఇస్తే ఆయన వెలుతురులో పట్టుకుని చూసి తాగేశారు. తాగగలిగితేనే కడిగినట్టు లెక్కట. నేనూ ఒక గుక్క తాగాను. మట్టి, తేనె.

ఆగస్టు 10

గొంతు నొప్పి. మాట్లాడినందుకు.

ఆగస్టు 13

దేదీప్య ఫోన్ చేసింది.

"ఏవే, బతికున్నావా? ఏంటి విశేషాలు?"

"జాడీ కడిగాను."

"ఏం జాడీ?"

"వైన్ జాడీ. లోపలికి దిగి."

"నువ్వా? మందు జాడీలోనా? మన కాన్వెంట్ బుద్ధిమంతురాలే. ఆంటీకి చెప్పనా?"

"చెప్పకు."

"సరే విను, నాకు టైం లేదు గానీ చాలా చెప్పాలి. మొన్న శశికాంత్ వాళ్లమ్మ వీడియో కాల్‌లో నా జుట్టు చూసి ఏమందో తెలుసా?"

శశికాంత్‌తో తన పెళ్లి డిసెంబర్‌లో, విజయవాడలో. ఫంక్షన్ హాల్ బుక్ చేశారు. "నువ్వు రాలేవులే, తెలుసు. ఇప్పుడు ఇండియా వెళ్తే వీసా స్టాంపింగ్ రిస్క్. నేనేం అనుకోను." నన్ను రమ్మని అడిగిందో లేదో సరిగ్గా అర్థం కాలేదు. హల్దీకి పసుపు లెహంగానా చీరా, ఫొటోగ్రాఫర్‌ను ఎక్కణ్నుంచి తేవాలి, శశికాంత్ వీసా, శశికాంత్ అక్క.

మధ్యలో ఒకచోట ఊ కొట్టడం ఆపి చూశాను. చాలాసేపు ఆపాను. తను చెప్తూనే ఉంది. కారు పార్క్ చేసింది, దిగింది, ఎవరితోనో హాయ్ అంది, మళ్లీ చెప్పింది.

"అమ్మయ్య, నీతో మాట్లాడితే ఎంత రిలీఫో. ఉంటానే."

నాకూ బాగుంది.

ఆగస్టు 14

అమ్మ ఫోన్. తిన్నావా అంది. తిన్నాను అన్నాను. ఇంకేంటి అంది. ఏం లేదు అన్నాను.

ఆగస్టు 16

ఏం జరిగిందో వరసగా రాస్తాను.

రెండో క్వెవ్రి మొదటిదానికంటే లోతు. కొవ్వొత్తి నిలకడగా వెలిగింది. దిగాను. రుద్దుతూ ఎక్కాలు చెప్పాను. అయ్యాక నక్షత్రాలు. అశ్విని, హో. భరణి, హో. కృత్తిక, హో.

అక్కడ మాటలు అయిపోయాయి.

బ్రష్ కూడా ఆపాను. చెయ్యి నొప్పి పుట్టింది.

పైనుంచి "హో" అన్నారు. ఇంకోసారి, ఈసారి అడిగినట్టు. తర్వాత నా పేరు. మనవాళ్లు కాకుండా ఈ దేశంలో నా పేరును సరిగ్గా పలికేది ఆయనొక్కరే. సిమ్రిటీ అనరు. వాళ్ల మాటల్లో హల్లులు ఇంతకంటే గుంపుగా ఉంటాయట. స్మృతి. స్మృతి.

తర్వాత వెలుతురు పోయింది.

తల ఎత్తితే రెండు బూట్లు, నిచ్చెన మెట్టు వెతుక్కుంటున్నాయి. వాటి పైన ప్యాంటు. ఆ పైన మనిషి ఇక దిగలేదు. పొట్ట దగ్గర ఆగిపోయారు. సీసాకు బిరడా పెట్టినట్టు జాడీ మూసుకుపోయింది. ఆ చీకట్లో కాళ్లు మాత్రం కొట్టుకుంటున్నాయి.

"నేను బాగానే ఉన్నాను," అన్నాను. తెలుగులో అన్నానని తర్వాత తెలిసింది. ఇంగ్లీషులో అనేసరికి నిచ్చెన పక్కకు జారింది. ఆయన బరువంతా చేతుల మీద పడింది. చిన్న చప్పుడు, ఎండుపుల్ల విరిగినట్టు.

ఎతెరి గారు ఎలా లాగారో తెలియదు. నేను పైకి వచ్చేసరికి ఆయన నేల మీద కూర్చుని ఒక చేత్తో ఇంకో చెయ్యి పట్టుకుని ఉన్నారు. మొహం తెల్లగా అయిపోయింది.

"లోపల గాలి ఉందా?" అన్నారు.

"ఉంది."

"మరి?"

"మాటలు అయిపోయాయి."

ఆయన తల ఊపారు. ఎతెరి గారు నన్ను చూశారు. కారు తాళాలు తీసుకున్నారు.

ఆగస్టు 17

మణికట్టు విరిగింది. ఒక పక్కటెముకకు చీలిక. డెబ్బై మూడేళ్లకు అతకడానికి చాలాకాలం పడుతుందట.

మాటలు అయిపోయాయి, అంతే. ఎవరికైనా అయిపోతాయి.

ఆగస్టు 19

ఎతెరి గారు ఈరోజు కిటికీలోంచి తల ఊపలేదు. నన్ను చూసి ఉండరు.

ఆగస్టు 20

చూసి ఉండరు.

ఆగస్టు 23

పులిహోర చేసి తీసుకెళ్లాను. ఎతెరి గారు గిన్నె అందుకుని తలుపు వేశారు. లోపల టీవీ ముందు నోదార్ గారి కట్టు కట్టిన చెయ్యి మాత్రం కనిపించింది, సోఫా చేతి మీద.

గదుల కోసం వెతుకుతున్నాను. చాండ్లర్‌లో చాలానే ఉన్నాయి. నలుగురు అమ్మాయిలున్న ఇంట్లో ఒక బెడ్, వెజిటేరియన్స్ ఓన్లీ, ఫుల్లీ ఫర్నిష్డ్. ఫోన్ చేయాలి. చేయలేదు.

ఆగస్టు 24

పొద్దున గుమ్మం ముందు నా గిన్నె. కడిగి, తుడిచి, బోర్లించి ఉంది. ఖాళీ గిన్నె ఇవ్వకూడదంటుంది అమ్మ. వీళ్లకు ఆ పట్టింపు ఉండదు.

వెళ్లి అడిగాను. గది ఖాళీ చేయమంటారా అని.

ఎతెరి గారు వంకాయలు కోస్తున్నారు. తల ఎత్తలేదు. "ద్రాక్ష వస్తోంది. నోదార్‌కు ఒక చెయ్యి. నాకు మోకాళ్లు లేవు. నీ సంగతి చూసే తీరిక నాకు లేదు. జాడీ తెరిచాక చూద్దాం."

"ఎప్పుడు తెరుస్తారు?"

"మార్చిలో."

అంటే అప్పటిదాకా ఉండమనా, మార్చిలో పొమ్మనా, అడగలేదు.

ఆగస్టు 30

కిటికీ దగ్గర పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ద్రాక్ష తెచ్చిన పికప్ వెళ్లిపోయింది. పెట్టెలు వాకిట్లో ఉన్నాయి. ఎతెరి గారు ఒక్కో పెట్టె ఎత్తి, నాలుగడుగులు వేసి, దించి, మోకాలు పట్టుకుని, మళ్లీ ఎత్తుతున్నారు. నన్ను పిలవలేదు. గంటైనా నేను పేజీ తిప్పలేదు.

వెళ్లి ఒక పెట్టె ఎత్తాను. ఆవిడ పక్కకు జరిగి దారి ఇచ్చారు. అంతే.

పెట్టెలన్నీ షెడ్‌లోకి చేరాక "కాళ్లు కడుక్కో" అన్నారు.

చెక్క తొట్టిలో ద్రాక్ష పోసి కాళ్లతో తొక్కాలి. తెల్లద్రాక్ష, చిన్నవి, పగిలితే చల్లగా వేళ్ల మధ్యకు వస్తాయి. నోదార్ గారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని చూస్తున్నారు.

"కుడికాలు బద్ధకిస్తోంది," అన్నారు. "ఎడమకాలిని చూసి నేర్చుకోమను."

"నువ్వు మాట్లాడకు," అన్నారు ఎతెరి గారు. "నువ్వు రెండేళ్లు వెనిగర్ తొక్కావు."

"వెనిగర్‌కు కూడా బాగా తొక్కాలి."

నవ్వొచ్చింది. ఎతెరి గారు చూస్తారని తల వంచుకున్నాను.

ఒక్క జాడీనే నింపాం. రెండోది సగం కడిగి ఉంది, దానికి మూత పెట్టేశారు.

సెప్టెంబర్ 7

రోజుకు నాలుగైదుసార్లు షెడ్‌కి వెళ్లాలి. తొక్కలు పైకి తేలి గట్టిగా అట్ట కడతాయి. పొడుగు కర్రతో వాటిని లోపలికి తొయ్యాలి. మీటింగ్‌కీ మీటింగ్‌కీ మధ్య వెళ్తున్నాను. చేతులకు ఆ వాసన పోవడం లేదు. నాకు అభ్యంతరం లేదు.

జాడీ మూతి దగ్గర చెవి పెట్టమన్నారు నోదార్ గారు. పెట్టాను. అన్నం మూత కింద పొంగే ముందు చేసే చప్పుడు.

"ఇది మాట్లాడుతున్నంతకాలం నువ్వు రావాలి," అన్నారు. "ఊరుకున్నాక మూసేద్దాం."

ఆరోజు ఎందుకు ఆగానని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే జవాబు ఉంది. మాటలు అయిపోయాయి.

సెప్టెంబర్ 21

దేదీప్య ఫోన్ చేస్తానంది. చేయలేదు.

అక్టోబర్ 4

జాడీ ఊరుకుంది. రాతిమూత పెట్టి, చుట్టూ తడి మట్టి మెత్తాం. నోదార్ గారు ఒక చేత్తో మెత్తారు, నేను రెండు చేతులతో. ఆయన వైపే నున్నగా వచ్చింది.

ఎతెరి గారు నాకు ఒక చెంబు ఇచ్చారు. "వారానికోసారి మట్టి తడుపు. ఎండితే పగులుతుంది. పగిలితే గాలి లోపలికి పోతుంది. గాలి లోపలికి పోతే నిమ్మచెట్లు."

అక్టోబర్ 20

దీపావళి. గుమ్మంలో రెండు దీపాలు పెట్టాను. ఎతెరి గారు కిటికీలోంచి చూశారు. ఈసారి చూశారని ఖాయంగా తెలుసు. తల ఊపలేదు.

నవంబర్ 15

మట్టి తడిపాను. షెడ్‌లో కాసేపు కూర్చున్నాను. అక్కడ ఎవరూ లేరు కాబట్టి పుస్తకంలో కథ పైకే చెప్పుకున్నాను. మూత వేసిన జాడీ ఊ కొట్టదు.

డిసెంబర్ 11

దేదీప్య పెళ్లి లైవ్‌లో చూశాను. తలంబ్రాల దగ్గర వీడియో ఆగిపోయి చక్రం తిరుగుతూ ఉంది. మళ్లీ వచ్చేసరికి కుర్చీలు ఖాళీ, అందరూ భోజనాలకు వెళ్లారు. చూశానని మెసేజ్ పెట్టాను. హార్ట్ పెట్టింది.

డిసెంబర్ 12

పోపులడబ్బాలో మెంతులు అయిపోయాయి. కొనాలి.

జనవరి 3

మట్టి తడిపాను.

జనవరి 10

మట్టి తడిపాను. అంచున సన్నటి పగులు కనిపించింది. వేలితో పూడ్చాను. ఎతెరి గారికి చెప్పలేదు. తర్వాత వెళ్లి చెప్పాను. ఆవిడ వచ్చి వంగి, కష్టంగా వంగి, చూసి, "సరిగ్గానే పూడ్చావు" అన్నారు.

జనవరి 19

కృత్తిక తర్వాత రోహిణి. నాకు తెలుసు. ఇరవై ఏడూ తెలుసు.

ఫిబ్రవరి 14

మట్టి తడిపాను. నలుగురు అమ్మాయిలున్న ఇంటికి ఫోన్ చేశాను. ఏప్రిల్ ఒకటి నుంచి బెడ్ ఖాళీ ఉందట. "మీరు మాట్లాడరా, హలో, వినిపిస్తోందా?" అంది ఆ అమ్మాయి. ఆలోచించి చెప్తానన్నాను.

మార్చి 14

నోదార్ గారు రెండు చేతులతో నారింజలు కోస్తున్నారు. ఎడమచెయ్యి ఇంకా పూర్తిగా తిరగదు. పై కొమ్మలవి నేను కోశాను.

"ఇంకో రెండు వారాలు," అన్నారు, షెడ్ వైపు గడ్డం చూపించి.

తెలుసు అన్నాను.

మార్చి 28

ఈరోజు తెరిచాం.

పొద్దున ఎండిన మట్టి గీకి, రాతిమూత కింద కడ్డీ పెట్టి పైకి లేపాం. ముగ్గురం ఒకేసారి వంగాం. తలలు కొట్టుకున్నాయి. వాసన ముందు నోదార్ గారికి తెలిసింది. లేచి నిలబడి కళ్లు తుడుచుకున్నారు. ఎతెరి గారు గరిటెతో తోడి గ్లాసులో పోసి వెలుతురులో పట్టుకున్నారు. చిక్కటి టీ డికాక్షన్ రంగు.

"సగం వెనిగర్," అన్నారు తాగి.

"సగం వైన్," అన్నారు ఆయన.

"మూడొంతులు వైన్," అన్నారు ఆవిడ ఇంకో గుక్క తాగాక. దాన్ని మించిన పొగడ్త ఆవిడ నోట నేను వినలేదు.

మధ్యాహ్నం నారింజచెట్ల కింద బల్ల వేశారు. చెట్లు పూత మీద ఉన్నాయి, చుట్టూ తేనెటీగలు. వాల్‌నట్ ముద్ద పెట్టిన వంకాయ, చీజ్ పెట్టి కాల్చిన రొట్టె, రాజ్మా. నేను దద్దోజనం చేశాను. వాళ్ల పద్ధతిలో ఊరికే తాగకూడదు. గ్లాసు ఎత్తిన ప్రతిసారీ ఒకరు లేచి మాట్లాడాలి. మాట్లాడాకే తాగాలి. విందుకు పెద్ద నోదార్ గారు. మొదట దేవుడికి, తర్వాత పోయినవాళ్లకు. మేనమామ పేరు చెప్పారు, రొట్టె ముక్క మీద కాస్త వైన్ చల్లారు. ఎతెరి గారు వాళ్లమ్మ పేరు చెప్పారు.

"ఇప్పుడు స్మృతి," అన్నారు ఆయన.

లేచాను. అందరి ముందు లేచి మాట్లాడటం స్కూల్లో అసెంబ్లీ తర్వాత ఇదే. అప్పుడు రాసుకున్న కాగితం ఉండేది. రెండు వాక్యాలు సిద్ధం చేసుకున్నాను, ఈ ఇంటికి థాంక్స్ అని, వైన్ బాగుందని. గది ఖాళీ చేస్తానని మూడోది. తేదీ కూడా అనుకున్నాను.

"ఆరోజు నాకు మాటలు అయిపోలేదు," అన్నాను. "నేనే ఆపేశాను. ఆపితే ఎవరైనా వస్తారేమో చూద్దామని."

ఇంగ్లీషులో అది చాలా చిన్న వాక్యం అయింది.

నోదార్ గారు తన మణికట్టు చూసుకున్నారు. తర్వాత వాళ్ల భాషలో చెల్లెలితో ఏదో అన్నారు. ఆవిడ టక్కున ఏదో అన్నారు. ఆయన మళ్లీ అన్నారు.

"మా ఇంట్లో కూడా ఒకరు ఈ పని చేశారు," అన్నారు నాతో. "చిన్నపిల్ల. సన్నగా ఉండేది, అందుకని తననే దింపేవాళ్లు. పాడుతూ పాడుతూ ఆపేసింది. నేను పైన ఉన్నాను."

"మీరు దిగారా?"

"బకెట్ నీళ్లు కుమ్మరించాను."

"బావి నీళ్లు," అన్నారు ఎతెరి గారు. "చల్లటివి."

ఆవిడ వైపు చూశాను.

"నన్ను అలా చూడకు."

"లోపల నవ్వుతోందనుకున్నా," అన్నారు ఆయన. "నవ్వు వినిపించింది."

"అది నవ్వు కాదు."

"అరవై ఏళ్లకు చెప్తోంది నాకు."

"నువ్వు అరవై ఏళ్లు అడగలేదు." ఆవిడ గ్లాసును బల్ల మీద కొంచెం పక్కకు జరిపారు, మళ్లీ మొదటి చోటే పెట్టారు. అప్పుడు నాతో అన్నారు. "నా మీద నీళ్లు పోసిన మనిషి, నీ కోసం ఆ పొట్టతో దిగాడు. చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అదీ నా కోపం. నీ మీద కాదు." రొట్టె విరుస్తూ, "కొంచెం నీ మీద కూడా."

నేను నిలబడే ఉన్నాను.

"తాగు," అన్నారు. "మాట్లాడావుగా. మాట్లాడి తాగకపోతే వైన్‌కు అవమానం."

తాగాను. జీవితంలో మొదటిసారి. నానబెట్టిన చింతపండు, టీ, ఇంకేదో వెనకనుంచి వచ్చేది. నాలుక పొడిబారింది. అమ్మకు ఎలా చెప్పాలో తెలియదు. చెప్పను.

"గది సంగతి," అన్నాను కూర్చున్నాక. "జాడీ తెరిచాక చూద్దామన్నారు."

ఎతెరి గారు నా దద్దోజనం రెండోసారి వడ్డించుకుంటున్నారు. "రెండో జాడీ సగం కడిగి వదిలేశావు. ఏడు నెలలు దాటింది. రేపు కడగాలి. గది ఖాళీ చేసి ఎక్కణ్నుంచి వచ్చి కడుగుతావు?"

మార్చి 29

కొవ్వొత్తి దించారు. వెలిగింది. దిగాను.

ఆగస్టులో ఎక్కడిదాకా రుద్దానో గోడ మీద గీత ఉంది. కింద బూజు, పైన శుభ్రం. ఆ గీత దగ్గర బ్రష్ పెట్టాను.

పైన నోదార్ గారు లేరు. ఈసారి కుర్చీ ఎతెరి గారిది. ఆవిడ నీడ మూతి అంచున కొంచెం కనిపిస్తోంది.

"మాట్లాడు," అన్నారు.

"రోహిణి," అన్నాను.

"హో."

"మృగశిర."

"హో."

రేవతి దాకా వచ్చాక ఆగకుండా దేదీప్య సంగతి ఎత్తుకున్నాను. పెళ్లికి నన్ను రమ్మందో లేదో నాకింకా తెలియదని చెప్పాను. హో. పోపులడబ్బా సంగతి. హో. సిస్టర్ ఫ్లోరా పక్కకొచ్చి నిలబడటం. హో. ఆవిడ హో నోదార్ గారిలా ఉండదు. పొట్టిగా, కొంచెం విసుగ్గా, కానీ ఒక్కటీ తప్పిపోదు.

అడుగుకు వచ్చాక బూజు దుమ్ము ముక్కులోకి పోయింది. తుమ్ము వచ్చేలా ఉండి, రాక, నోరు తెరిచి అలాగే ఉండిపోయాను.

పైన బకెట్ ఎత్తిన చప్పుడైంది.